మహమ్మారి కాలంలో ఐసీయూ సిబ్బంది ఆందోళన

మహమ్మారి రోజుల్లో ఐసీయూలో పనిచేసేవారిని పట్టుకుని, డ్యూటీ దిగి ఇంటికి వెళ్ళినా వదలని భయాన్ని, కంగారును, వాటితో పాటు వచ్చే నిద్రలేమి, గుండె దడ, చిరాకు వంటి మార్పులను ఐసీయూ సిబ్బంది ఆందోళన అంటారు. సిబ్బంది అంటే వైద్యులు, నర్సులు మాత్రమే కాదు. వెంటిలేటర్ చూసుకునే టెక్నీషియన్, రోగిని పక్కకు తిప్పే వార్డు బాయ్, పక్క మార్చే ఆయా, సిలిండర్లు దొర్లించే కార్మికుడు, నేల తుడిచే పారిశుద్ధ్య కార్మికురాలు అందరూ అదే గాలి పీలుస్తారు, అవే మరణాలు చూస్తారు. 2020 నుంచి 2022 వరకు సాగిన కొవిడ్‌-19 అలల్లో ఈ సమస్య ప్రపంచమంతటా కనిపించింది. మచిలీపట్నం, గుడివాడ, దివిసీమ, ఉయ్యూరు ప్రాంతాలతో కూడిన దిగువ కృష్ణా డెల్టాలో చిన్న పట్నాల బతుకు, ఉమ్మడి కుటుంబాలు, పెద్దాసుపత్రికి ఉన్న దూరం దానికి తమ రంగు పులిమాయి.

ఈ ఆందోళనలో ఎక్కువ భాగాన్ని మనోబలం లేకపోవడంగా లెక్కకట్టడం తప్పు. మంచాలు ఎన్ని, మనుషులు ఎందరు, ఆక్సిజన్ ఎంతసేపు వస్తుంది అన్న లెక్క తెలిసిన మనిషికి ఆ లెక్క తప్పుతున్నప్పుడు కలిగిన కలవరమది. అందువల్ల దాని కారణాలను మనసులో వెతకడానికి ముందు వార్డులో వెతకాలి.

పూర్వరంగం

ఐసీయూ అన్నది పుట్టిందే ఒక అంటువ్యాధి నుంచి. 1952లో డెన్మార్క్ రాజధాని కోపెన్‌హాగన్‌లో పోలియో విజృంభించి, ఊపిరి కండరాలు చచ్చుబడిన రోగులతో బ్లెగ్‌డామ్ ఆసుపత్రి నిండిపోయింది. బ్యోర్న్ ఇబ్సెన్ అనే మత్తు వైద్యుడు గొంతు దగ్గర రంధ్రం చేసి, అందులో గొట్టం పెట్టి, రబ్బరు సంచిని చేత్తో నొక్కుతూ ఊపిరి అందించే పద్ధతిని ప్రవేశపెట్టాడు. యంత్రాలు చాలకపోవడంతో సుమారు 1,500 మంది వైద్య విద్యార్థులు వంతులు వేసుకుని రాత్రింబవళ్ళు మంచాల పక్కన కూర్చుని సంచులు నొక్కారు. అంతకు ముందు అలాంటి రోగుల్లో పదిమందిలో ఎనిమిది మందికి పైగా చనిపోతుండగా, ఆ పద్ధతి వచ్చాక మరణాలు సగానికంటే తక్కువకు తగ్గాయి. ఆ మరుసటి ఏడాది కోపెన్‌హాగన్‌లోనే తొలి ఐసీయూ ఏర్పడింది. చెయ్యి ఆగితే ఎదుటి బిడ్డ ఊపిరి ఆగుతుందన్న ఎరుకతో గంటల తరబడి కూర్చున్న ఆ విద్యార్థుల మనసు ఎలా ఉందో అప్పట్లో కొలిచే సాధనాలు లేవు.

2003లో వచ్చిన సార్స్ నాటికి కొలత మొదలైంది. ప్రపంచంలో 8 వేల మందికి పైగా సోకిన ఆ వ్యాధి బాధితుల్లో ఐదోవంతు వైద్య సిబ్బందే. కెనడాలోని టొరంటోలో సార్స్ రోగులకు సేవ చేసిన సిబ్బందిని ఒకటి రెండేళ్ళ తరువాత పరిశీలించినప్పుడు, వారిలో అలసట, మానసిక క్షోభ ఇతర ఆసుపత్రుల వారికంటే ఎక్కువగా కనిపించాయి. పని గంటలు తగ్గించుకున్నవారు, రోగులకు దూరంగా ఉండే పనులకు మారినవారు కూడా వాళ్ళలోనే ఎక్కువ. అంటువ్యాధి వెళ్ళిపోయినా దాని నీడ ఏళ్ళ తరబడి ఆసుపత్రిలో ఉంటుందన్న పాఠం అప్పుడే దొరికింది. పదిహేడేళ్ళ తరువాత కొవిడ్ వచ్చేసరికి ఆ పాఠం గుర్తున్న ఆసుపత్రులు తక్కువ.

లక్షణాలు

ఆందోళన మొదట శరీరంలో తెలుస్తుంది. డ్యూటీకి బయలుదేరే ముందు కడుపులో తిప్పడం, అరచేతుల్లో చెమట, ఛాతీ బిగపట్టినట్లు ఉండటం, నిద్ర పట్టినా తెల్లవారుజామున మూడింటికే మెలకువ రావడం సాధారణం. ఇంట్లో కుక్కర్ కూత పెట్టినా, ఫోన్ మోగినా మానిటర్ అలారమే అనుకుని ఉలిక్కిపడతారు. తలుపు వేశామా, చేతులు కడిగామా, మందు మోతాదు సరిగ్గా రాశామా అని మళ్ళీ మళ్ళీ చూసుకుంటారు. తమ వేలికి తామే ఆక్సిమీటర్ తగిలించుకుని రోజుకు పదిసార్లు శాచురేషన్ (రక్తంలో ఆక్సిజన్ శాతం) చూసుకోవడం కొవిడ్ తెచ్చిన కొత్త లక్షణం.

దీని వెనుక ఉన్న శరీర వ్యవస్థ అందరికీ ఒకటే. ప్రమాదం కనిపించగానే మెదడు హెచ్చరిక పంపుతుంది. ఎడ్రినలిన్, కార్టిసాల్ వంటి హార్మోన్లు పెరిగి గుండె వేగం హెచ్చుతుంది, కండరాలు బిగుస్తాయి. పది నిమిషాల ప్రమాదానికి ఈ ఏర్పాటు బాగా పనికొస్తుంది. అదే స్థితి పది వారాలు కొనసాగితే నిద్ర, ఆకలి, జ్ఞాపకశక్తి దెబ్బతింటాయి.

డెల్టాలో వాతావరణం మరో చిక్కు తెచ్చింది. సముద్రం దగ్గరి ప్రాంతం కాబట్టి మేలో ఎండతో పాటు ఉక్క కూడా ఎక్కువ. వైరస్ గాలితో పాకుతుందన్న జాగ్రత్తతో తొలి నెలల్లో చాలా వార్డుల్లో ఏసీలు ఆపేశారు. పీపీఈ కిట్, దాని కింద ఎన్‌95 మాస్కు, పైన ముఖకవచం, రెండు జతల గ్లవ్స్ వేసుకుని ఆరు గంటలు నిలబడితే చెమట ధార కడుతుంది, గుండె వేగంగా కొట్టుకుంటుంది, ఊపిరి చాలనట్లు ఉంటుంది, కళ్ళు తిరుగుతాయి. ఇవి వడదెబ్బ లక్షణాలు, ఆందోళన లక్షణాలు, కొవిడ్ లక్షణాలు కూడా. ఏది ఏదో తేల్చుకోలేకపోవడమే మరో ఆందోళన అయింది. మధ్యలో కిట్ విప్పితే మరొకటి దొరకదని మంచినీళ్ళు తాగడం మానుకున్న నర్సుల పరిస్థితిని, ముఖ్యంగా నెలసరి రోజుల్లో వాళ్ళు పడ్డ బాధను, తొలినాటి సూచనల్లో పట్టించుకున్నది చాలా తక్కువ.

ఆందోళనను దాని పొరుగు సమస్యల నుంచి వేరు చేసి చూడాలి. జరగబోయే దాని గురించిన భయం ఆందోళన. జరిగిపోయిన దృశ్యం కళ్ళముందు మళ్ళీ మళ్ళీ మెదలడం గాయానంతర ఒత్తిడి. దేనిమీదా ఆసక్తి లేకుండా పోవడం కుంగుబాటు. పని మీద విరక్తి పుట్టి, రోగి మంచం నంబరుగా మాత్రమే కనిపించడం బర్నౌట్. ప్రపంచ ఆరోగ్య సంస్థ దీన్ని జబ్బుగా కాక ఉద్యోగానికి సంబంధించిన స్థితిగా గుర్తించింది. ఇక సరైనదేదో తెలిసీ, వనరులు లేక దాన్ని చేయలేకపోయినప్పుడు మిగిలే గాయాన్ని నైతిక గాయం అంటారు. వియత్నాం యుద్ధం నుంచి తిరిగి వచ్చిన సైనికులకు చికిత్స చేసిన అమెరికా మనోవైద్యుడు జొనాథన్ షే ఈ మాటను ప్రచారంలోకి తెచ్చాడు. ఐసీయూలో ఇవన్నీ ఒకే మనిషిలో ఒకదానిమీద ఒకటి పేరుకుంటాయి.

దిగువ కృష్ణాలో కొవిడ్

ఆంధ్రప్రదేశ్‌లో తొలి కొవిడ్ కేసు 2020 మార్చి 12న నెల్లూరులో నమోదైంది. పది రోజులకు విజయవాడలోనూ బయటపడింది. మచిలీపట్నం కేంద్రంగా ఉన్న ఉమ్మడి కృష్ణా జిల్లాలో విజయవాడ ప్రభుత్వ సర్వజన ఆసుపత్రిని రాష్ట్రస్థాయి కొవిడ్ ఆసుపత్రిగా మార్చారు. మచిలీపట్నం జిల్లా ఆసుపత్రి, గుడివాడ ప్రాంతీయ ఆసుపత్రి, ఉయ్యూరు, అవనిగడ్డ ప్రభుత్వాసుపత్రులు తమకున్న మేరకు రోగుల్ని చూసి, పరిస్థితి విషమిస్తే విజయవాడకు పంపేవి. అప్పటికి మచిలీపట్నంలో వైద్య కళాశాల లేదు.

నాగాయలంక, కోడూరు మండలాల నుంచి బయలుదేరిన రోగి అవనిగడ్డ, చల్లపల్లి, పామర్రు, ఉయ్యూరు, కంకిపాడు దాటితే గాని విజయవాడ చేరడు. ఉయ్యూరు నుంచే ముప్పై కిలోమీటర్లకు పైగా ప్రయాణం, దివిసీమ చివరి ఊళ్ళకు ఆ దూరం రెండింతలు దాటుతుంది. అందువల్ల చిన్న ఆసుపత్రుల సిబ్బందిది వేరే రకం ఆందోళన. పెద్దాసుపత్రి నర్సు కళ్ళముందు జరిగేదానికి భయపడుతుంది. పంపించే ఆసుపత్రి నర్సు కంటికి కనిపించనిదానికి భయపడుతుంది. శాచురేషన్ 80 ఉన్న మనిషి మామూలుగా మాట్లాడుతూ 108 అంబులెన్సు ఎక్కుతాడు. కొవిడ్‌లో రక్తంలో ఆక్సిజన్ తగ్గడం రోగికి తెలియకుండానే ముదరవచ్చు. దారిలో సిలిండర్ చాలిందా, అక్కడ మంచం దొరికిందా అన్నది చాలాసార్లు ఇవతలివారికి తెలిసేది కాదు. పరిశోధనలు ఎక్కువగా పెద్ద ఐసీయూల చుట్టూ జరగడంతో ఈ రెండో రకం ఆందోళన లెక్కలోకి రాలేదు.

ఈ డెల్టాకు ఆపద కొత్త కాదు. 1977 నవంబరు 19న దివిసీమను ముంచిన ఉప్పెన ఒక్క రాత్రిలో వేలమందిని బలిగొంది. తెల్లవారి నలుదిక్కుల నుంచీ మనుషులు సాయానికి వచ్చారు, శవాలను మోశారు, గంజి కాచారు. మహమ్మారి స్వభావం దీనికి పూర్తిగా విరుద్ధం. అది ఒక రాత్రిలో పోదు, సాయానికి వచ్చేవాణ్ణి దూరంగా ఉండమంటుంది. నలుగురు పంచుకోవలసిన భారం ఐసీయూ తలుపు లోపల ఉన్న కొద్దిమంది మీద పడింది.

మొదటి అలలో 2020 ఆగస్టు, సెప్టెంబరు నెలల్లో రాష్ట్రంలో రోజుకు 10 వేల కేసులు దాటాయి. అప్పటి భయం ఎక్కువగా తెలియనిదాని గురించిన భయం. ఏ మందు పనిచేస్తుందో, వైరస్ ఎంతసేపు బతికుంటుందో, వెంటిలేటర్ ఎప్పుడు పెట్టాలో ఎవరికీ గట్టిగా తెలియదు. సూచనలు వారానికోసారి మారేవి. జూన్‌లో డెక్సామెథసోన్ అనే చవక స్టెరాయిడ్ తీవ్ర రోగుల మరణాలను తగ్గిస్తుందని బ్రిటన్ పరిశోధనలో తేలడం సిబ్బందికి దొరికిన తొలి ఊరటల్లో ఒకటి. ఆగస్టు 9 తెల్లవారుజామున కొవిడ్ కేంద్రంగా నడుపుతున్న విజయవాడలోని ఒక హోటల్‌లో మంటలు లేచి 10 మంది చనిపోయారు. ఐసీయూలలో ఆక్సిజన్ ఎక్కువ, విద్యుత్ పరికరాలు ఎక్కువ. ఆ తరువాత డ్యూటీ ఎక్కిన సిబ్బంది భయాల జాబితాలో అగ్నిప్రమాదం కూడా చేరింది.

రెండో అల వచ్చేసరికి తెలియనితనం పోయి, కొరత ఆ చోటు తీసుకుంది. 2021 మే 16న రాష్ట్రంలో ఒక్కరోజే 24 వేలకు పైగా కేసులు నమోదయ్యాయి. ఈసారి మంచాల మీద వయసువాళ్ళు కనిపించారు, తోటి నర్సుల భర్తలు, అన్నదమ్ములు కనిపించారు. భారత వైద్య సంఘం లెక్కల ప్రకారం ఈ రెండు అలల్లో ఒక్కొక్కదానిలో దేశంలో 700 మందికి పైగా వైద్యులు కొవిడ్‌తో మరణించారు.

ఆక్సిజన్ లెక్క

రెండో అలలో ఆందోళనకు కేంద్రం ఆక్సిజన్. దీన్ని అర్థం చేసుకోవడానికి చిన్న లెక్క చాలు. వార్డుల్లో వాడే పెద్ద సిలిండర్‌లో సుమారు 7 వేల లీటర్ల ఆక్సిజన్ ఉంటుంది. ముక్కు గొట్టంతో నిమిషానికి 5 లీటర్లు ఇస్తే అది ఒక రోగికి దాదాపు ఒక రోజు వస్తుంది. హై ఫ్లో యంత్రంతో నిమిషానికి 60 లీటర్లు ఇవ్వవలసి వస్తే రెండు గంటలు కూడా రాదు. అలాంటి రోగులు పదిమంది ఉన్న గదిలో నర్సు చూపు రోగి ముఖానికి, గోడమీది పీడన సూచికకు మధ్య తిరుగుతూనే ఉంటుంది. సూచిక ముల్లు కొద్దిగా కదిలినా ఆమె గుండె వేగం పెరుగుతుంది. దాన్ని జబ్బు అనలేం.

2021 మేలో ఒడిశా నుంచి విజయవాడ ప్రభుత్వ సర్వజన ఆసుపత్రికి 18 టన్నుల ద్రవ ఆక్సిజన్‌తో వస్తున్న ట్యాంకర్ ఆచూకీ దారిలో తెగిపోయింది. ఆసుపత్రిలో దాదాపు 400 మంది ఆక్సిజన్ మీద ఉన్నారు. పోలీసులు జిల్లాల వారీగా వెతికి, తూర్పు గోదావరిలో ఒక దాబా దగ్గర దాన్ని కనుగొన్నారు. డ్రైవర్ విశ్రాంతి లేక అలసి ఆపేశాడు. దారి పొడవునా ట్రాఫిక్ ఆపి ట్యాంకర్‌ను విజయవాడ చేర్చారు. ఆ రాత్రి నిలువలు అడుగంటలేదు. అదే నెల 10వ తేదీ రాత్రి తిరుపతి రుయా ఆసుపత్రిలో ట్యాంకర్ రావడం కొన్ని నిమిషాలు ఆలస్యమై, ఆక్సిజన్ పీడనం పడిపోయి 11 మంది మరణించారు. బంధువులు ఆగ్రహంతో ఐసీయూలోకి చొరబడటంతో ప్రాణభయంతో సిబ్బంది బయటికి పరుగెత్తవలసి వచ్చింది. ఈ రెండు సంఘటనల మధ్య తేడా కొద్ది నిమిషాలే. రాష్ట్రంలో ఆ నెలలో ఐసీయూలో రాత్రి డ్యూటీ చేసిన ప్రతి ఒక్కరూ ఆ కొద్ది నిమిషాల అంచు మీద నిలబడ్డవారే.

తరువాత రాష్ట్రంలో ఆసుపత్రి ఆవరణలోనే గాలి నుంచి ఆక్సిజన్ తయారుచేసే ప్లాంట్లు నెలకొల్పారు. 2022 జనవరిలో 144 ప్లాంట్లను ప్రారంభించారు. ఆందోళన చికిత్సగా ఎవరూ దీన్ని లెక్కించరు గాని, లెక్కించవలసిన వాటిలో ఇది మొదటిది.

తలుపుకు అవతల

ఐసీయూలోకి బంధువుల్ని రానివ్వకపోవడం కొవిడ్ నిబంధనల్లో ఒకటి. డెల్టాలో ఒక మనిషి ఆసుపత్రిలో చేరితే ఇంటిల్లిపాదీ క్యారేజీలు, చాపలతో వచ్చి వరండాలో కాపురం పెట్టడం రివాజు. వాళ్ళు లేని వార్డులో రోగికి నీళ్ళు పట్టించేది, ధైర్యం చెప్పేది, ఫోన్ చెవి దగ్గర పెట్టేది, ఆఖరి మాట వినేది కూడా నర్సే అయింది. ఈ ప్రాంతంలో పిల్లలు అమెరికాలో, ఆస్ట్రేలియాలో ఉన్న వృద్ధులు ఎందరో. అర్ధరాత్రి వీడియో కాల్‌లో అవతల కొడుకు, ఇవతల గొట్టం వేసిన తల్లి, మధ్యలో ఫోన్ పట్టుకున్న చేతికి రెండు పొరల గ్లవ్స్. ఈ పనికి ఏ శిక్షణా లేదు. ఫ్రాన్స్‌లో 21 ఐసీయూలలో వెయ్యిమందికి పైగా సిబ్బందిని 2020లో అడిగి చూసిన పరిశోధనలోనూ బంధువుల్ని రానివ్వలేకపోయామన్న వేదన, తొందరపాటుగా సాగిన అంతిమ నిర్ణయాలు ఆందోళనతో ముడిపడి కనిపించాయి.

మరణవార్త చెప్పే క్షణం దాడిగా మారవచ్చన్న భయం వేరు. హైదరాబాద్ గాంధీ ఆసుపత్రిలో 2020 ఏప్రిల్‌లో ఒకసారి, జూన్‌లో మరోసారి మృతుల బంధువులు వైద్యులపై దాడి చేశారు. జూన్ దాడి తరువాత జూనియర్ డాక్టర్లు రోడ్డెక్కి ధర్నా చేశారు. ఏప్రిల్ 22న కేంద్రం అంటువ్యాధుల చట్టాన్ని ఆర్డినెన్సుతో సవరించి, వైద్య సిబ్బందిపై హింసను బెయిలు దొరకని నేరం చేసింది. తీవ్రంగా గాయపరిస్తే ఏడేళ్ళ వరకు జైలు శిక్ష పడుతుంది.

ఇల్లు, వీధి

సిబ్బందిని అడిగిన చాలాచోట్ల ముందు వచ్చిన భయం తమకు సోకడం గురించి కాదు, ఇంటికి తీసుకుపోవడం గురించి. ఉయ్యూరు, పామర్రు వంటి పట్నాల్లో నర్సు ఇంట్లో అత్తమామలు ఉంటారు, పక్క వాటాలో బావగారి పిల్లలు ఉంటారు. విడిగా గది, విడిగా స్నానాలగది ఉన్న ఇళ్ళు తక్కువ. పెరట్లో స్నానం చేసి, తడి బట్టలు అక్కడే నానబెట్టి, విడి కంచంలో తిని, వసారాలో పడుకుని, చంటిబిడ్డను గుమ్మం అవతల నుంచి చూసుకోవడం ఎందరో తల్లుల దినచర్య అయింది. లాక్‌డౌన్‌లో బస్సులు ఆగిపోవడంతో ఊరి నుంచి డ్యూటీకి చేరడమే రోజూ ఒక సమస్య.

వీధి వైఖరి గాయాన్ని పెంచింది. 2020 మార్చి 22న సాయంత్రం ఐదింటికి దేశమంతా పళ్ళేలు మోగించి వైద్య సిబ్బందికి చప్పట్లు కొట్టింది. రెండు రోజులకే అద్దె ఇళ్ళ నుంచి తమను ఖాళీ చేయిస్తున్నారని ఢిల్లీ ఎయిమ్స్ రెసిడెంట్ డాక్టర్లు కేంద్ర హోంమంత్రికి లేఖ రాయవలసి వచ్చింది. ఏప్రిల్‌లో కొవిడ్‌తో చెన్నైలో మరణించిన నెల్లూరు వైద్యుడి అంత్యక్రియలను అంబత్తూరు శ్మశానం దగ్గర స్థానికులు అడ్డుకున్నారు. తాము పోతే తమకు జరగబోయేది కూడా ఇదేనని చాలా వార్డుల్లో అనుకున్నారు. అదే నెలలో నర్సీపట్నం ప్రాంతీయ ఆసుపత్రి మత్తు వైద్యుడొకరు ఎన్‌95 మాస్కుల కొరత గురించి బహిరంగంగా మాట్లాడి సస్పెండయ్యారు. ఆ ఉదంతం రాష్ట్రమంతటా చర్చకు వచ్చింది. కొరత గురించి చెప్పుకునే దారి మూసుకుపోయినప్పుడు భయం లోపలే ఉండిపోతుంది.

కాంట్రాక్టు, ఔట్‌సోర్సింగ్ సిబ్బందికి వీటన్నిటి మీద ఉద్యోగం గురించిన దిగులు. జబ్బు పడితే సెలవు ఉందా, చనిపోతే కేంద్రం ప్రకటించిన 50 లక్షల బీమా తమకు వర్తిస్తుందా అన్నవి వాళ్ళ ప్రశ్నలు. రెండో అల తగ్గగానే 2021 జూలైలో తెలంగాణలో 1,600 మందికి పైగా ఔట్‌సోర్సింగ్ నర్సులను తొలగించారు.

కొలతలు

ఆందోళనను కొలవడానికి ఎక్కువగా వాడినది జీఏడీ-7 అనే ప్రశ్నావళి. 2006లో రూపొందిన ఇందులో ఏడు ప్రశ్నలుంటాయి. గత రెండు వారాల్లో కంగారు, ఆపుకోలేని చింత, స్థిమితం లేకపోవడం, చిరాకు వంటివి ఎన్ని రోజులున్నాయో చెబితే సున్నా నుంచి 21 వరకు మార్కులు వస్తాయి. 10 లేదా అంతకంటే ఎక్కువ వస్తే వైద్యుడు చూడాలి, 15 లేదా అంతకంటే ఎక్కువ వస్తే తీవ్రం. ఏడో ప్రశ్న ఏదో ఘోరం జరగబోతోందని భయం వేసిందా అని అడుగుతుంది. మామూలు జీవితంలో ఉన్న మనిషికి ఇది జబ్బును పట్టించే ప్రశ్న. 2021 మేలో ఐసీయూలో ఉన్న నర్సుకు అది ఆ పూట జరగబోయే వాస్తవం. ఈ పరిమితి గుర్తుంచుకునే అంకెలను చదవాలి.

చైనాలో 34 ఆసుపత్రుల్లో 1,257 మంది సిబ్బందిని 2020 ఆరంభంలో పరిశీలిస్తే 44.6 శాతం మందిలో ఆందోళన లక్షణాలు కనిపించాయి. స్త్రీలు, నర్సులు, నేరుగా రోగులను చూసేవారిలో తీవ్రత ఎక్కువ. పైన చెప్పిన ఫ్రెంచ్ పరిశోధనలో ఇది 50.4 శాతం. మొత్తం 33 వేల మందికి సంబంధించిన 13 అధ్యయనాలను కలిపి చూసినప్పుడు మాత్రం 23 శాతమే వచ్చింది. ఐసీయూ ఒక్కటే కాక అన్ని విభాగాల వారూ అందులో ఉన్నారు, ప్రశ్నావళులూ వేరు. ఇంగ్లండ్‌లో తొమ్మిది ఐసీయూలలో 709 మందిని 2020 జూన్, జూలైలలో అడిగితే తీవ్ర ఆందోళన 11 శాతం మందిలో, గాయానంతర ఒత్తిడి లక్షణాలు 40 శాతం మందిలో ఉన్నాయి. చనిపోతే బాగుండునని గాని, తమకు తాము హాని చేసుకోవాలని గాని ఆలోచన వచ్చినవారు 13 శాతం. అన్ని అంకెల్లోకీ చివరిది ఎక్కువగా కలవరపెట్టేది, ప్రతి ఆసుపత్రి అధికారీ గుర్తుంచుకోవలసినది.

ఉపశమనం

అమెరికాలో 2020 వసంతంలో వైద్యులు, నర్సులతో బృంద చర్చలు జరిపి వాళ్ళకు ఏం కావాలో అడిగారు. రక్షణ సామగ్రి, వెంటనే పరీక్ష, తమకు జబ్బు చేస్తే సంస్థ చూసుకుంటుందన్న హామీ, పిల్లల్ని చూసేవారు, కొత్త విభాగానికి మార్చినప్పుడు శిక్షణ, సమయానికి సరైన సమాచారం అని జవాబు వచ్చింది. యోగా తరగతుల కంటే ముందు ఇవి ఉన్నాయి. 

కాబట్టి చికిత్స డ్యూటీ చార్టుతో మొదలవుతుంది. వెంటిలేటర్ మీద ఉన్న రోగికి ఒక నర్సు ఉండాలన్నది ఐసీయూ ప్రమాణం. ఒకరికి నలుగురు, ఐదుగురు రోగులు వచ్చినప్పుడు ఏ ధైర్యవచనమూ పనిచేయదు. డ్యూటీకి డ్యూటీకి మధ్య నిద్రకు చాలినంత విరామం, వరుస రాత్రి డ్యూటీలకు పరిమితి, ఐసీయూ అనుభవం లేనివారిని అనుభవం ఉన్నవారితో జత చేయడం, ఆక్సిజన్ నిలువలు చూసే పనిని నర్సు మీద వేయకుండా వేరే మనిషికి అప్పగించడం, బంధువులకు రోజూ ఒకే సమయంలో ఫోన్ చేసే బాధ్యత ఒకరికి ఇవ్వడం పెద్ద ఖర్చు లేని పనులు. ఇంటికి వెళ్ళలేనివారికి బస, వేడి భోజనం కూడా వైద్యంలో భాగమే. టీకా అన్నిటికంటే పెద్ద ఊరట. 2021 జనవరి 16న విజయవాడ ప్రభుత్వ సర్వజన ఆసుపత్రిలో రాష్ట్రంలో టీకా కార్యక్రమం మొదలైనప్పుడు తొలి సూది వేయించుకున్నది ఒక పారిశుద్ధ్య కార్మికురాలు.

ఘోరం జరిగిన వెంటనే అందర్నీ కూర్చోబెట్టి జరిగిందంతా చెప్పించే ఒక్కసారి చర్చల వల్ల తరువాతి గాయానంతర ఒత్తిడి తగ్గదని పరిశోధనలు తేల్చాయి. కొందరికి అది కీడు కూడా చేయవచ్చు. దానికంటే డ్యూటీ చివర పది నిమిషాలు తోటివారితో మాట్లాడుకోవడం, బలవంతం లేకుండా పలకరించే సీనియర్ సిస్టర్ ఉండటం మేలు. ఆందోళన రెండు వారాలు దాటినా, ఇంట్లో సెలవు రోజున కూడా తగ్గకపోయినా, పనికి వెళ్ళాలంటే కాళ్ళు కదలకపోయినా మానసిక వైద్యుణ్ణి కలవాలి. ఆలోచనల తీరును మార్చే మాటల చికిత్స, అవసరమైతే మందులు బాగా పనిచేస్తాయి. ఆ మందుల ఫలితం తెలియడానికి రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది. వార్డులో చేతికందే నిద్రమాత్రలను సొంతంగా వాడటం ఆసుపత్రి సిబ్బందికి ప్రత్యేకమైన ప్రమాదం. కొద్ది వారాల్లోనే అవి అలవాటవుతాయి.

చిన్న ఊళ్ళలో అడ్డు మరొకటి. మానసిక వైద్యం అనగానే హైదరాబాద్‌లోని ఎర్రగడ్డ మానసిక ఆసుపత్రి గుర్తుకొచ్చే సమాజంలో, తన ఆసుపత్రిలోనే తనను రోగిగా చూస్తారన్న బిడియంతో సిస్టర్ ఎవరికీ చెప్పదు. అందుకే పేరు చెప్పకుండా మాట్లాడే ఏర్పాటు అవసరం. 2022 అక్టోబరు 10న కేంద్ర ప్రభుత్వం టెలీ మానస్ సేవను ప్రారంభించింది. 14416 నంబరుకు ఏ వేళైనా ఫోన్ చేసి తెలుగులో మాట్లాడవచ్చు.

తరువాత

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 మే 5న కొవిడ్ అత్యవసర స్థితి ముగిసిందని ప్రకటించింది. ఆంధ్రప్రదేశ్‌లో ప్రభుత్వ లెక్కల్లోని మరణాలు 14 వేలు దాటాయి. వాటిలో చాలా మరణాలకు ఐసీయూ సిబ్బంది ప్రత్యక్ష సాక్షులు. వాళ్ళలో ఎందరికి నిద్ర తిరిగి వచ్చిందో జిల్లాల వారీగా అడిగి రాసుకోవలసిన పని మిగిలే ఉంది. ఉద్యోగం పోయిన కాంట్రాక్టు నర్సులను కూడా అందులో చేర్చాలి. 2022 ఏప్రిల్‌లో జిల్లాల విభజనతో విజయవాడ ఎన్టీఆర్ జిల్లాలోకి వెళ్ళింది, మచిలీపట్నం, గుడివాడ, ఉయ్యూరు డివిజన్లతో కృష్ణా జిల్లా మిగిలింది. 2023 సెప్టెంబరులో మచిలీపట్నంలో ప్రభుత్వ వైద్య కళాశాల ప్రారంభమైంది. నాగాయలంక రోగికి పెద్దాసుపత్రి ఇప్పుడు విజయవాడ కంటే దగ్గర్లో, మచిలీపట్నంలోనే ఉంది.